కాయ తప్పా, చెయ్యి తప్పా?

కాలిఫోర్నియాలోని లోడై నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, తోట గుర్తులు వేయవద్దని కోరారు. అందుకే ఆ ఎనిమిది పేజీల సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆయనది నూజివీడు దగ్గర ఒక పల్లె. నాన్నగారికి మామిడి తోట ఉంది. 2019లో ఆయన, అక్క భర్త కలిసి లోడైలో 11 ఎకరాల జిన్‌ఫాండెల్ అనే నల్లద్రాక్ష రకం పాత తోట కొన్నారు. డబ్బులో ముప్పాతిక వంతు బావగారిది. ఈయన ఐటీ ఉద్యోగం వదిలి తోటలో దిగారు. పంటలో ఎక్కువ భాగం ఒక వైనరీకి అమ్ముతారు. నాలుగైదు టన్నులు ఉంచుకుని, డబ్బు తీసుకుని వైన్ తయారుచేసి ఇచ్చే చోట సొంత లేబుల్‌తో చేయించుకుంటారు.

2020లో కార్చిచ్చుల పొగ వాసన పళ్ళకు పట్టిందన్న భయంతో కొనేవాళ్ళు సగం పంట వదిలేశారు. 2021 పరవాలేదు. గొడవంతా 2022ది. ఆ సెప్టెంబరు ఎండలకు పళ్ళు తీగ మీదే ఎండాయి. ఈయన చేయించిన వైన్‌కి ఆల్కహాల్ 16 శాతం దాటింది, అడుగున తీపి మిగిలింది, ఉడికిన జామ్ వాసన వచ్చింది. దాదాపు 270 కేసులు (పన్నెండేసి సీసాల పెట్టెలు) ఇప్పటికీ గోడౌన్‌లో ఉన్నాయి. 2023 వసంతంలో బావగారు వైన్ తయారీలో సలహా ఇచ్చే ఒక కన్సల్టెంట్‌ను పెట్టారు. ఆ ఏడాది వైన్ చాలా బాగా వచ్చింది, ఒక పోటీలో మెడల్ కూడా దక్కింది. అప్పటినుంచి నలుగురిలో కూర్చున్నప్పుడల్లా బావగారిది ఒకటే మాట: “అదే తోట, అవే మొక్కలు. మనిషి మారాడు, వైన్ బాగుపడింది.”

ఈ సంక్రాంతికి రెండు కుటుంబాలూ విడివిడిగా పండగ చేసుకున్నాయి. అక్క ఫోన్ చేస్తుంది, ఏడుస్తుంది, పెట్టేస్తుంది. సొంత వైన్ ఆపేసి పళ్ళు మాత్రమే అమ్ముదామని బావగారు అంటున్నారు. కుదరకపోతే మొక్కలు పీకించి భూమి అమ్మేద్దామంటున్నారు. చివర్లో మన పాఠకుడు ఇలా అడిగారు: “2022 వైన్ చెడింది నా వల్లేనా? వాతావరణం వల్లా? నా వల్లే అయితే తప్పుకుంటాను. టెన్షన్‌తో రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. నిజం చెప్పండి.”

*

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి పెన్ను పట్టుకుని, మీరు రాసిన తేదీలన్నీ వరసగా ఒక కాగితం మీద వేసుకున్నాను. జవాబు చాలావరకు ఆ తేదీల్లోనే కనిపించింది. అది మీరు భయపడుతున్నంత చెడ్డదేమీ కాదు. అలాగని మీరు ఆశిస్తున్నంత మంచిదీ కాదు. నిజం చెప్పమన్నారు కాబట్టి దాచకుండా రాస్తాను.

ముందు మీ ఇంటి మాటే ఎత్తుతాను. నూజివీడు వాళ్ళకి ఏడాదికీ ఏడాదికీ కాయ ఎలా మారుతుందో వేరే చెప్పక్కర్లేదు. పూత మీద మంచు ఎక్కువైతే మాడిపోతుంది, పిందె మీద గాలివాన పడితే రాలిపోతుంది, కాయ ముదిరే వేళ ఎండ బాగా కాస్తే రసానికి తీపి పడుతుంది. మీ అమ్మగారు ఆవకాయ పెట్టేటప్పుడు “ఈ ఏడు కాయలో పులుపు లేదే” అనడం మీరు వినే ఉంటారు. జాడీ బాగా కుదిరితే మాత్రం “ఆవిడ చెయ్యి మంచిది” అంటాం. మీ బావగారూ మీరూ రెండేళ్ళుగా వాదించుకుంటున్నది సరిగ్గా ఇదే. కాయా, చెయ్యా? వైన్ విషయంలో ఈ ప్రశ్నకు కాస్త ఓపిగ్గా జవాబు వెతకాలి. ఎందుకంటే వైన్‌లో ఉప్పూ కారం ఉండవు, నూనె ఉండదు. పండు తప్ప ఇంకేమీ లేదు. కాయలో లోటుంటే దాన్ని కప్పిపుచ్చడానికి చేతిలో ఉండే సరంజామా చాలా తక్కువ.

ఏడాది వాతావరణం ఎంత పనిచేస్తుందో లెక్క కట్టినవాళ్ళు ఉన్నారు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం చెప్పిన ఓర్లీ ఆషెన్‌ఫెల్టర్ అనే ప్రొఫెసర్ ఫ్రాన్స్‌లోని బోర్డో వైన్ల పాత ధరలు తీసుకున్నారు. వాటిని మూడు వాతావరణ లెక్కలతో పోల్చి చూశారు. చలికాలంలో ఎంత వాన పడింది, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా సగటు వేడి ఎంత, కోతకు ముందు ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎంత వాన పడింది. చలికాలపు వాన మంచిది, వెచ్చటి వేసవి మంచిది, కోత ముందు వాన చెడ్డది. వైన్ వయసుతో పాటు ఈ మూడూ చూస్తే చాలు, ఏ ఏడాది సీసా ఎంత ధర పలుకుతుందో చాలావరకు చెప్పొచ్చని ఆయన తేల్చారు. వైన్ చేసిన మనిషి పేరు ఆ లెక్కలో ఎక్కడా లేదు. ఈ మాట మీ బావగారి ముందు చదవండి. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. బోర్డోలో ఆ పాత ఏళ్ళలో తోటలకు నీళ్ళు పెట్టేవాళ్ళు కాదు, వానే దిక్కు. మీకు డ్రిప్ ఉంది. నీళ్ళు ఎప్పుడు వదలాలో నిర్ణయించే అవకాశం మీ చేతిలో ఉంది. దాంతోపాటే బాధ్యతా వచ్చింది. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు 2022, 2023 పక్కపక్కన పెట్టి చూద్దాం.

2022 జనవరి, ఫిబ్రవరి, మార్చి కలిపి చూస్తే, కాలిఫోర్నియా రికార్డుల్లో ఆ మూడు నెలలూ అంత పొడిగా గడిచిన ఏడాది అంతకుముందు లేదు. అంతకుముందు డిసెంబరులో కురిసింది కురిసి, ఆ తర్వాత కొళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. అంటే మీ తోట వేసవిలోకి అడుగుపెట్టేటప్పటికే మట్టి లోపలి పొరల్లో తడి తక్కువ. ఆగస్టు ఆఖరి నుంచి సెప్టెంబరు 9 దాకా ఆ వడగాలులు. మీకు ఉత్తరాన ఉన్న శాక్రమెంటోలో సెప్టెంబరు 6న 116 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. మన లెక్కలో దాదాపు 47. రెంటచింతలలో మే నెల ఎండ అనుకోండి. మీ లోడైకి ఉన్న వరం సాయంత్రం శాక్రమెంటో నది డెల్టా వైపు నుంచి వచ్చే చల్లగాలి. పగలు ఎంత కాగినా రాత్రికి పండు చల్లబడుతుంది, పులుపు నిలుస్తుంది. ఆ వారంలో రాత్రుళ్ళు కూడా సరిగ్గా చల్లబడలేదని మీరే రాశారు.

అంత ఎండలో పండులో ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూడండి. దాదాపు 35 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది, వంట ఆపేస్తుంది. కొత్తగా చక్కెర తయారు కాదు. తొక్కలో రంగు పట్టడం మందగిస్తుంది, పట్టిన రంగూ కొంత పోతుంది. పులుపు మాత్రం వేగంగా కరిగిపోతుంది. మరి రసంలో తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో చక్కెర రోజురోజుకీ ఎందుకు పెరిగింది? పండులో నీళ్ళు ఎగిరిపోయాయి కాబట్టి. ఉన్న చక్కెరే చిక్కబడింది. బ్రిక్స్, అంటే రసంలో చక్కెర శాతం, 23 నుంచి 26కి ఎక్కితే పండు మూడు మెట్లు మాగిందని మనం అనుకుంటాం. నిజానికి అది మాగనే లేదు, ఎండింది. గింజ పచ్చగానే ఉంది, తొక్కలో వగరు అలాగే ఉంది, లోపల మాత్రం పాకం.

దీనికి తోడు మీది జిన్‌ఫాండెల్. ఒక్క గుత్తి చేతిలోకి తీసుకుంటే అందులో మూడు కాలాలు ఉంటాయి. భుజం దగ్గర నాలుగు పళ్ళు ఎండుద్రాక్షలా ముడుచుకుని ఉంటాయి. మధ్యలోవి నల్లగా నిగనిగలాడుతుంటాయి. కింద కొసన రెండు మూడు ఇంకా గులాబీ రంగులోనే, గట్టిగా, నోట్లో వేసుకుంటే పళ్ళు పులిసేలా ఉంటాయి. మామూలు ఏడాదే ఇలా ఉంటే, అంతటి ఎండలో భుజం మీది నాలుగు ఎండు పళ్ళు పదిహేనవుతాయి. రసం తీసి చూసినప్పుడు ఈ ఎండు పళ్ళ చక్కెర లెక్కలోకి రాదు, ఎందుకంటే వాటిలో పిండడానికి రసమే లేదు. తొట్టిలో రెండు రోజులు నానాక అవి ఉబ్బి, దాచుకున్న చక్కెరంతా వదులుతాయి. మీ డైరీలో ఉన్నది ఇదే. “11న కోత, రసం 26. 13న తొట్టిలో 28.5. మీటర్ పాడైందనుకున్నాను.” మీటర్ పాడవలేదండీ. ఆ సంఖ్యను సుమారు 0.6తో గుణించండి, ఎంత ఆల్కహాల్ రావాలో తెలుస్తుంది. 17 దగ్గర. ఆ మోతాదులో ఈస్ట్ బతకలేదు. చక్కెర పూర్తిగా తినకముందే చచ్చిపోయింది. అందుకే ఆల్కహాల్ 16 పైన ఆగింది, తీపి మిగిలింది.

ఇక 2023. 2022 క్రిస్మస్ మర్నాటి నుంచి జనవరి మధ్య దాకా పసిఫిక్ మీదుగా తొమ్మిది వాన వరదలు ఒకదాని వెనక ఒకటి కాలిఫోర్నియా మీద పడ్డాయి. నేల కడుపు నిండా తాగింది. వసంతం చల్లగా నడిచింది, వేసవి మెత్తగా గడిచింది, కోతలు రెండు నుంచి నాలుగు వారాలు ఆలస్యమయ్యాయి. మీ తోటలో అక్టోబరు 5న కోశారు. రంగు, వగరు, వాసన, చక్కెర అన్నీ కలిసి ఒకే దారిలో నడిచిన సంవత్సరం అది. ఉత్తర కాలిఫోర్నియాలో ఎవరిని అడిగినా ఆ ఏడాదిని మెచ్చుకుంటారు. కన్సల్టెంట్ పెట్టుకోని తోటల్లో కూడా మంచి వైన్లు వచ్చాయి. మీ బావగారు మనిషి మారాడన్నారు, నిజమే. కానీ మనిషి మారిన ఏడాదే వాతావరణమూ మారింది. రెండూ ఒకేసారి మారినప్పుడు ఫలితాన్ని ఒక్కదాని ఖాతాలో వేయడం న్యాయం కాదు. 2024లోనూ అదే కన్సల్టెంట్ ఉన్నారు. జూలైలో రోజుల తరబడి ఎండలు కాశాయి, అక్టోబరు మొదట్లో మళ్ళీ వేడి వచ్చింది. పీపాల్లో ఉన్న ఆ వైన్ “మామూలుగా ఉంది” అని మీరే రాశారు. మనిషొక్కడే కారణమైతే 2024 కూడా 2023లా ఉండాలి కదా. పైగా జూలై ఎండ వేరు, సెప్టెంబరు ఎండ వేరు. జూలైలో పండు ఇంకా పచ్చిగా, రాయిలా ఉంటుంది. ఎండను చాలావరకు ఓర్చుకుంటుంది, కాస్త చిన్నదవుతుంది, అంతే. రంగు తిరిగి మెత్తబడ్డాక వచ్చిన ఎండ పండును నేరుగా దెబ్బతీస్తుంది.

ఇంతవరకు మీ పక్షాన రాశాను. ఇప్పుడు రెండో పక్క.

మీ ఉత్తరం ఆరో పేజీలో ఒక వాక్యం ఉంది. మీరు దాన్ని పెద్దగా పట్టించుకోకుండా రాసేశారు, నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. “మా పళ్ళు కొనే వైనరీ వాళ్ళు తమ వాటాను సెప్టెంబరు 1 రాత్రి దీపాలు పెట్టుకుని కోసుకుపోయారు, వాళ్ళ వైన్ 14 శాతంతో తేలిగ్గా, బాగానే వచ్చింది.” అదే తోట, అవే మొక్కలు, అదే పొడి చలికాలం. పది రోజుల తేడా. మీ 2022 వైన్ గురించి నిష్పక్షపాతంగా చెప్పగల సాక్షి ఇంతకంటే దొరకదు. ఆగస్టు 29న మీ పండు 23.5 ఉంది. వడగాలుల హెచ్చరిక అప్పటికే వచ్చింది. మీరు ఆగారు, ఎందుకంటే గింజలు పచ్చగా ఉన్నాయి. మామూలు ఏడాదిలో అది మంచి పద్ధతే, మీకు నేర్పినవాళ్ళు సరిగ్గానే నేర్పారు. కానీ ఆ ఎండలో పది రోజులు ఆగినా గింజ మాగదని అప్పుడు మీకు తెలియదు. అది అనుభవం లేక జరిగిన పొరపాటు. నిర్లక్ష్యం అనను. చాలామంది పాతకాపులు కూడా ఆ వారం అలాగే ఆగి నష్టపోయారు. అయినా ఆ నిర్ణయం మీదే. అది ఒప్పుకోండి.

రెండోది నీళ్ళు. ఎండ ముదరకముందే, రెండు మూడు రాత్రుల ముందు నుంచీ నీళ్ళు పెట్టి, వేర్లను తడిగా ఉంచాలి. మీ పంపు టైమర్ చెడిపోయింది, మీరు సెప్టెంబరు 5న గమనించి వదిలారు. అప్పటికే ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి. ఆ నాలుగు రోజులు పెద్ద తేడా తెచ్చాయి.

మూడోది మీ బావగారిది. జూన్‌లో పడమటి వైపు ఆకులు తీయించమని పట్టుబట్టింది ఆయన. గుత్తులకు గాలి ఆడాలని, ఏదో వీడియోలో చూశారని రాశారు. గాలి ఆడటం మంచిదే, తడి ప్రాంతాల్లో బూజు రాకుండా అది తప్పనిసరి. కానీ లోడైలో పడమటి ఆకు అంటే మధ్యాహ్నం మూడు గంటల ఎండకు అడ్డు పెట్టిన గొడుగు. నేరుగా ఎండ తగిలే పండు గాలి కంటే పది డిగ్రీల సెల్సియస్ దాకా ఎక్కువ వేడెక్కుతుంది. నేను చిన్నప్పుడు హైదరాబాద్ శివార్లలో అనాబ్-ఎ-షాహీ తోటల మధ్య తిరిగినవాణ్ణి. అక్కడ పందిరి ఉంటుంది, గుత్తులు నీడలో కిందికి వేలాడతాయి. మీ పాత జిన్‌ఫాండెల్ మొక్కలు పందిరి లేకుండా, తీగ ఆసరా లేకుండా పొదల్లా నిలబడినవి. వాటి పందిరి వాటి ఆకే. అది తీసేస్తే ఇక మిగిలేది ఆకాశమే.

కాబట్టి లెక్క ఇలా తేలింది. ఆ ఏడాది గొప్ప వైన్ చేయడం మీ తోటలో ఎవరి తరమూ కాదు, దాన్ని కాలమే కాజేసింది. పరవాలేదనిపించే వైన్ మాత్రం సాధ్యమే, వైనరీ వాళ్ళు చేసి చూపించారు. అది చేజారడంలో మీ ఆగడం, చెడిన టైమర్, బావగారి ఆకుల కోత మూడూ ఉన్నాయి. ఎవరి వాటా ఎంత అని నన్ను అడగకండి. మూడింటినీ విడదీసి తూచే తక్కెడ నా దగ్గరే కాదు, ఎవరి దగ్గరా లేదు.

“నా వల్లే అయితే తప్పుకుంటాను” అన్నారు. ఇది నన్ను బాధపెట్టింది. ఒక్క ఏడాది చూసి మామిడి రైతును కొలిస్తే నూజివీడులో ఎంతమంది మిగులుతారు? మీ నాన్నగారు ఎన్నిసార్లు పూత పోగొట్టుకుని మళ్ళీ తోటలోకి వెళ్ళారో ఒకసారి ఫోన్ చేసి అడగండి.

ఇక ఏం చేయొచ్చో చూద్దాం. గోడౌన్‌లోని 270 కేసులతో మొదలుపెడతాను, ఎందుకంటే అవి కళ్ళముందు ఉన్నంతకాలం గొడవ చల్లారదు. మంచి వైన్‌లో కలిపేద్దామని మీ ఆలోచన. చట్టం సంగతి చూసుకోండి. లేబుల్ మీద “లోడై” అనీ, ఏడాదీ రెండూ వేయాలంటే అందులో 95 శాతం ఆ ఏడాది పంటే అయి ఉండాలి. “కాలిఫోర్నియా” అని మాత్రం వేస్తే 85 శాతం చాలు. అంటే 2023లో దీన్ని కలపగలిగింది చాలా తక్కువ, పైగా మెడల్ వచ్చిన వైన్‌ను పాడుచేసుకోవడం అవుతుంది. అది వద్దని నా గట్టి అభిప్రాయం. ఇంకా పీపాల్లోనే ఉన్న 2024తో కలిపి, ఏడాది వేయకుండా ఒక మామూలు రెడ్‌గా అమ్మొచ్చు. సీసాలు విప్పి మళ్ళీ నింపే ఖర్చు ఉంది, ధర తగ్గుతుంది. కానీ ఆల్కహాల్, తీపి రెండూ దిగివస్తాయి. ఎంత పాళ్ళలో కలపాలో ముందు గ్లాసులో కొలిచి చూడండి. ఇంకో దారి, ఉన్న తీపిని తప్పుగా కాకుండా గుణంగా వాడుకోవడం. ద్రాక్ష సారాయి కలిపి పోర్ట్ తరహాలో, భోజనం తర్వాత తాగే చిన్న సీసాలుగా చేయించడం. జిన్‌ఫాండెల్‌కి ఇది బాగా నప్పుతుంది. అయితే పర్మిట్లు, పన్ను, కొనేవాళ్ళు తక్కువ కావడం, ఈ మూడూ ఆలోచించుకోవాలి. 16 శాతం దాటిన వైన్‌కి పన్ను ఎలాగూ ఎక్కువే, ఆ సంగతి మీకు ఇప్పటికే తెలిసొచ్చి ఉంటుంది. ఇవేవీ కుదరకపోతే బల్క్‌లో నష్టానికి అమ్మేయండి. ఆ నష్టాన్ని పుస్తకంలో ఇద్దరి పేరా, వాటాల ప్రకారం రాసుకోండి. ఎవరి ఖాతాలో వేస్తారన్నది డబ్బు కంటే ఎక్కువగా బాధపెడుతుంది.

సొంత వైన్ ఆపి పళ్ళు మాత్రమే అమ్ముదామన్న బావగారి మాటను కోపంతో కొట్టిపారేయకండి. అందులో అర్థం ఉంది. కోత తేదీ భారం కొనేవాళ్ళ మీదకు పోతుంది. ఎండకో మంచుకో పంట తగ్గితే పంట బీమా కొంత ఆదుకుంటుంది. వైన్ రుచి చెడితే ఆ బీమా ఏమీ ఇవ్వదు. కానీ ఇప్పుడు లోడైలో జిన్‌ఫాండెల్‌కి గిరాకీ బాగా పడిపోయిన రోజులు. కొనేవాళ్ళు లేక తీగ మీదే వదిలేసిన తోటలు మీ చుట్టూ ఉన్నాయి, మొక్కలు పీకించినవీ ఉన్నాయి. ఒక్క వైనరీ మీద ఆధారపడితే 2020లో పొగ వేళ జరిగినట్టు ఏ ఏడాదైనా జరగొచ్చు. నాలుగు టన్నుల సొంత వైన్ అలాంటప్పుడు చిన్న ఊతకర్ర.

మొక్కలు పీకించడం గురించి మాత్రం ఒక్కమాట. ఆ వయసు మొక్కను మీరు మళ్ళీ పెట్టలేరు. ఇసుక నేలలో ఇన్నేళ్ళుగా లోతుకు దిగిన వేరు 2023 వానల్ని తాగి అంత మంచి పండు ఇచ్చింది. నేనైతే అది ఆఖరి మాటగా ఉంచుతాను, ఈ ఏడాది కోపంలో తీసుకునే నిర్ణయం మాత్రం కాదు. అప్పు వాయిదాలు తోటను మింగేస్తుంటే వేరే సంగతి. లెక్కలు మీరు రాయలేదు. అక్కడ డబ్బు పెట్టిన మనిషి మాటకు విలువ ఎక్కువే ఉండాలి.

మీరు తోటలోనే ఉండి, సొంత వైన్ కొనసాగించాలనుకుంటే, కోత గురించి ఈ చలికాలంలోనే కాగితం మీద రాసుకోండి. ఎండలో, టెన్షన్‌లో, ఫోన్ మీద అరుచుకుంటూ తీసుకునే నిర్ణయం ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. ఉదాహరణకు, పండు రంగు తిరిగాక వరసగా మూడు రోజులు 100 ఫారెన్‌హీట్ దాటుతుందని ముందస్తు హెచ్చరిక వస్తే రెండు రాత్రుల ముందే నీళ్ళు వదలాలి, ఎవరినీ అడగక్కర్లేదు. పండు 23 దాటి ఉంటే మీ వాటాలో సగం ఎండకు ముందే కోసేయాలి. ఆ సగం తేలికపాటి రెడ్‌కో, గులాబీ రంగు రోజే వైన్‌కో పనికొస్తుంది, మిగతా సగం ఆగి చూడొచ్చు. రెండుసార్లు కూలీలను పిలవాలి కాబట్టి ఖర్చు పెరుగుతుంది. “లోడై జిన్‌ఫాండెల్” అంటే జనం ఆశించే గాఢత కొంత తగ్గుతుంది. ఆ ఖర్చును ఇద్దరూ ముందే ఒప్పుకోవాలి. శాంపిల్ తీసేటప్పుడు ఎండు పళ్ళను కూడా నలిపి, ఒక రాత్రి నానబెట్టి, మర్నాడు మళ్ళీ కొలవండి. అప్పుడు 26 అనుకున్నది 28 అని కోత ముందే తెలుస్తుంది. పడమటి ఆకు ముట్టుకోవద్దు. తప్పనిసరైతే తూర్పు వైపు మాత్రం తీయండి. తెల్లమట్టి ద్రావణం పిచికారీ చేస్తే ఎండ దెబ్బ కొంత తగ్గుతుంది. రంగు తిరగకముందే చేయాలి, లేకపోతే ఆ తెలుపు గుత్తుల్లో ఉండిపోతుంది.

కన్సల్టెంట్‌ను ఉంచుకోండి. ఇది మీకు నచ్చకపోవచ్చు. ఆయన 2023ను తయారుచేయలేదు, కానీ దాన్ని పాడుచేయకుండా సీసాలోకి తెచ్చారు. చక్కటి పండును చెడగొట్టిన చేతులు నేను చాలా చూశాను. ఆయన పక్కన నిలబడి రెండేళ్ళు నేర్చుకోండి. చివరి మాట ఎవరిదన్నది కాగితం మీద ఉంటే చాలు.

తప్పుకోవడం కూడా ఒక దారే, దాన్ని దాచను. ఉద్యోగంలోకి తిరిగి వెళ్ళి, తోటను కౌలుకిచ్చి, వాటాదారుగా మిగలొచ్చు. నిద్ర పడుతుంది, నెల జీతం వస్తుంది. కానీ 2022 నిందను తలకెత్తుకుని వెళితే మీ అక్కకి మాత్రం జీవితాంతం ఆ నింద మధ్యలో నిలబడే పని ఉంటుంది. వెళ్ళినా సరే, ముందు ఈ లెక్క తేల్చుకుని వెళ్ళండి.

అందుకు నాదొక మనవి. వైనరీ వాళ్ళ 2022 సీసా ఒకటి కొనండి. మీ 2022, మీ 2023, వాళ్ళ 2022, మూడింటికీ కాగితం చుట్టి, అంకెలు వేసి మీ అక్కగారిని పోయమనండి. మీరూ బావగారూ రుచి చూసి, మాట్లాడుకోకుండా ఎవరికి వారు రాసుకోండి. వాళ్ళ 2022లో కూడా రంగు పలచగా, వాసన కురచగా ఉందని ఆయన నాలుకకే తెలుస్తుంది. అది కాలం చేసిన పని. మీదానికీ వాళ్ళదానికీ ఉన్న తేడా మీ నాలుకకు తెలుస్తుంది. అది మన చేతుల పని. ఆ రాత్రికి అంతకంటే ఎక్కువ మాట్లాడకండి.

డైరీ మానకండి. ఫ్రాన్స్‌లో బోన్ అనే ఊళ్ళో ద్రాక్ష కోతలు ఏ రోజు మొదలయ్యాయో 1354 నుంచి రికార్డులున్నాయి. ఆరువందల ఏళ్ళకు పైగా ఎవరో ఒకరు ఆ తేదీ రాసి పెట్టారు కాబట్టే ఎండలు ఎలా మారుతున్నాయో ఇవాళ తెలుస్తోంది. మీదింకా ఆరేళ్ళ పుస్తకం. అందులోని 2022 జూన్ పేజీ, సెప్టెంబరు పేజీ రెండూ ఫోటో తీసి బావగారికి పంపండి. జూన్ పేజీలో ఆకుల సంగతి ఉంది, సెప్టెంబరు పేజీలో టైమర్ సంగతి ఉంది. మీది దాచి ఆయనది చూపించవద్దు, ఆయనది దాచి మీది చూపించవద్దు.

ఇప్పుడు కత్తిరింపుల కాలం కదా. ఒక ఆదివారం రమ్మని ఆయన్ని పిలవండి, ఒక్క వరస చాలు, చెరోవైపు నిలబడి. ఆ టైమర్ మాత్రం మార్చి లోపే మార్పించండి. చిగుళ్ళు వేశాక ఆ పనికి మీకు తీరిక దొరకదు.